నిటారుగా కూర్చున్న పక్షి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ పొద్దున కూడా చెట్టు దగ్గరికి వెళ్లాను. వెళ్లకూడదనే అనుకున్నాను. భార్యకి ఇంత పెద్ద ఆపరేషనై, మందు ఎక్కించుకుంటూ మంచాన ఉంటే, తెల్లారేసరికి మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని బయల్దేరే మొగుణ్ణి లోకం ఏమంటుందో నాకు తెలియంది కాదు. కానీ పంపించింది తనే. "వెళ్లిరండి. కాసేపు నాకూ..." అని ఆగి, "మీకూ కాస్త గాలి మారుతుంది" అంది. ఒంట్లో అంత నలతగా ఉన్నా నా గురించే ఆలోచిస్తుంది. అలాంటి మనిషి.

చెట్టు దగ్గర మామూలే. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఆవరణ, పెద్ద చెట్టు, దాని తొర్ర, తొర్ర పక్క కొమ్మ మీద మా గుడ్లగూబ. తల మీద చెవుల్లాగా రెండు ఈకలు లేచే చిన్న రకం. ఆడది తొర్రలో గుడ్ల మీద ఉంది, మగది బయట కాపలా. ఈ చోటు కనిపెట్టింది నేను. మా ఆదివారం బృందాన్ని ఇక్కడికి తీసుకొచ్చిందీ నేనే. మేం చెట్టు కిందికి చేరామో లేదో, అది ఎండుకొమ్మ ముక్కలా సన్నగా, నిటారుగా నిలబడి, కళ్లు సగం మూసి పోజిచ్చింది. ఎప్పుడెళ్లినా అంతే, మమ్మల్ని చూడగానే ఫొటోకి తయారు. బృందంలో బ్యాంకు ఉద్యోగి ఒకడున్నాడు, చేతికంటే పొడుగు కెమెరా అతనిది, అందుకే లెన్సు అని పేరు పెట్టాను. "బాబాయ్, దీనికి మనమంటే ఎంత చనువో చూశారా" అన్నాడు. నిజమే అనిపించింది.

ఇంటికొచ్చి పడగ్గది తలుపు తీసేసరికి తను లేచి కూర్చుని ఉంది. తలకి గుడ్డ కట్టుకుని, వీపు నిలబెట్టుకుని. "బాగానే ఉన్నాను" అంది, నేను అడక్కముందే.

ఫిబ్రవరి 4

నిన్న బాత్రూమ్ దగ్గర తూలింది. గోడ దొరికింది కాబట్టి సరిపోయింది. గదిలో గడియ వేసుకుని పడితే నా గతేమిటి? షాపు నుంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి పడగ్గది గడియ ఊడదీశాను. రోజూ కళ్లజోళ్ల స్క్రూలు బిగించే చేతికి ఇవి గునపాల్లా ఉన్నాయి. తను మంచం మీంచి చూస్తూ ఊరుకుంది. అంతా అయ్యాక "బాత్రూముకి కూడా తీసేస్తారా?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వి "ఆలోచిస్తాను" అన్నాను.

కళ్లద్దాల షాపు ఇప్పుడు సాయంత్రాలు మాత్రమే తెరుస్తున్నాను. ఆ కాసేపూ పక్కింటావిడ వచ్చి కూర్చుంటుంది. పగలంతా నేనే. చప్పుడు చేయకుండా వెళ్లి తలుపు తీసి చూసి వస్తుంటాను. ఎప్పుడు చూసినా మెలకువగానే ఉంటుంది, లేచి కూర్చునే ఉంటుంది. మీ అక్కని కంటికి రెప్పలా చూసుకుంటున్నానని మరదలికి ఫోన్లో చెప్పాను. "రెప్పయినా అప్పుడప్పుడూ మూసుకుంటుంది బావగారూ" అంది. ఆవిడ ధోరణే అంత, దేన్నీ తిన్నగా తీసుకోదు.

ఫిబ్రవరి 5

అర గ్లాసు పాలు తాగింది. బాగానే ఉన్నానంది.

ఫిబ్రవరి 6

పాలు వద్దంది. బాగానే ఉన్నానంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చెట్టు దగ్గరికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట. దేని మీదమ్మా అంటే, పక్షుల్ని చూడ్డానికి వచ్చే మాలాంటివాళ్ల వల్ల గుడ్లగూబలకి ఇబ్బంది కలుగుతోందా లేదా అని. నాకు నవ్వాగలేదు.

"చెట్లు కొట్టేవాళ్లున్నారు, రాళ్లేసేవాళ్లున్నారు. వాళ్లని వదిలేసి మా మీద పడ్డావేంటమ్మా? చూస్తే అరిగిపోతాయా?" అన్నాను.

"అదే తెలుసుకుందామని సార్. అరిగిపోకపోవచ్చు కూడా" అంది. ఆ 'కూడా' నాకు నచ్చలేదు.

చెట్టుకి బాగా దూరంగా ఎర్ర రిబ్బను కట్టి, అందరూ దీని వెనకే ఉండండి అంది. లెన్సు మొహం మాడ్చుకున్నాడు. దాని వెనక నుంచి తీస్తే గుడ్లగూబకీ గుమ్మడికాయకీ తేడా తెలీదన్నాడు. అందరం నవ్వాం. ఈ అమ్మాయికి పోలీసమ్మ అని పేరు ఖాయం చేశాను. ఆమె కూడా నవ్వింది, కానీ రిబ్బను మాత్రం విప్పలేదు.

వెళ్లేటప్పుడు నన్ను పక్కకి పిలిచింది. "సార్, మీరు కళ్ల డాక్టరట కదా. పక్షి కళ్లు ఎంత తెరిచింది, ఎంత మూసింది, ఒళ్లు ఎలా పెట్టింది అని చూసి చెప్పేవాళ్లు కావాలి. మనుషులు దగ్గరున్నప్పుడు, దూరంగా ఉన్నప్పుడు, అసలు లేనప్పుడు."

డాక్టర్ని కాదమ్మా, చూపు పరీక్ష చేసి అద్దాలిచ్చేవాణ్ణి అన్నాను. ఒప్పుకున్నాను కూడా. మంచిదే. మేం ఏ పాపమూ ఎరగమని నా నోటితోనే తేలుతుంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే తను మధ్యలో కళ్లు మూసుకుంది. నిద్రొస్తోందా అని భుజం తట్టాను. లేదు లేదు, చెప్పండి, వింటున్నాను అంది.

ఫిబ్రవరి 11

చూడ్డానికి తన స్కూల్ వాళ్లు వచ్చారు. తను లెక్కల టీచరు కదా, ఆ జోకులు అలాగే ఉన్నాయి. "జుట్టు తీసివేతలో పోయింది, కూడికలో వస్తుంది" అని అందర్నీ నవ్వించింది. దిండుకి ఆనుకోకుండా కూర్చుని అంతసేపూ మాట్లాడింది. నాకు గర్వంగా అనిపించింది. ఎంత తొందరగా కోలుకుంటోందో చూడండి అని గుమ్మం దాకా వెళ్లి చెప్పాను.

వాళ్లు వెళ్లాక వాంతి చేసుకుంది. పళ్లరసం పడలేదనుకుంటాను.

ఫిబ్రవరి 14

ఆసుపత్రి. డాక్టరమ్మ తనని ఎలా ఉన్నారని అడిగింది. బాగానే ఉన్నానండీ అంది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "మీరు బాగానే ఉన్నారు, మీ రక్తం మాత్రం బాలేదు" అంది. బరువు తగ్గింది. కణాలు పడిపోయాయి. ఈసారి మందు ఎక్కించనంది.

"నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ" అన్నాను నేను.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "రోజంతా మంచం మీద ఉండటం వేరు, విశ్రాంతి వేరు. ఒంట్లోకి కాస్త శక్తి రాకపోతే ఇక ఈ మందు ఇవ్వలేను. ఇవ్వకుండా ఆపేస్తే ఏమవుతుందో మీకు చెప్పే పని లేదు" అంది.

ఇవాళ్టి నుంచి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంకా తరచుగా వెళ్లి చూడాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

చెట్టు దగ్గరికి వెళ్లలేదు.

మధ్యాహ్నం తను అంది, "కొన్నాళ్లు చెల్లి దగ్గర ఉండొస్తాను."

"ఎందుకు? ఇక్కడ ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు."

"మీ చెల్లెలు పొద్దున కుట్టుపని షెడ్డుకి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. పగలంతా ఆ ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు" అంది పైకప్పు వైపు చూస్తూ. అదేదో ఆ ఇంటికి ఉన్న గొప్ప సౌకర్యం అన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. గిన్నెలన్నీ తోమేశాను, తోమినవి కూడా.

ఫిబ్రవరి 17

మరదలికి ఫోన్ చేశాను. మీ అక్కకి ఏం మందు పెట్టావు, నీ దగ్గరికి వస్తానంటోంది అన్నాను. నేనేం పెట్టలేదు బావగారూ, అక్కే అడిగింది అంది. తర్వాత, "ఇంట్లో మనిషి అలా ఉంటే ఆ గుడ్లగూబల చుట్టూ తిరగడమేంటి, మంచిది కాదంటారు" అంది. మూఢనమ్మకాల గురించి క్లాసు పీకి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక బాధనిపించింది. తను ఎందుకు వెళ్లిపోదామనుకుంటోందో అడుగుదామని కదా చేశాను, అది అడగనేలేదు.

ఫిబ్రవరి 19

షాపుకి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. లైసెన్సు కోసం చూపు పరీక్ష. బోర్డు మీద అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. మరీ గడగడా చదివాడు. ముందుగా వచ్చి బెంచీ మీద కూర్చున్నంతసేపూ బట్టీ పట్టాడు మరి. బోర్డు తిప్పి ఇంకోవైపు చదవమంటే రెండో వరుసలోనే ఆగిపోయాడు. "ఉద్యోగం పోతుందేమోనని సార్" అని తల దించుకున్నాడు. పాపం, అద్దాలు పెడితే చక్కగా కనిపించే చూపే. ఇన్నేళ్లుగా ఈ కుర్చీలో చూస్తున్నాను, పరీక్ష అనగానే బాగున్నట్టు కనిపించాలనే తాపత్రయం జనానికి. నా దగ్గర మాత్రం ఎవరి ఆటలూ సాగవు.

తను రెండు ముద్దలు తింది. బాగానే ఉన్నానంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోలీసమ్మ ప్రెస్సు యజమానిని అడిగి గోడౌను తాళం తీసుకుంది. ఇంకా ఎవరూ రాకముందే ఇద్దరం వీధివైపు నుంచి లోపలికి వెళ్లి, కాగితం చుట్టల మధ్య పాత స్టూళ్లు వేసుకుని, పగిలిన కిటికీ దగ్గర కూర్చున్నాం. దుమ్ముకి తుమ్ము వస్తుంటే ముక్కు నొక్కిపట్టుకున్నాను. ఆమె వేలితో చూపించింది. కొమ్మ మీద ఏదో ఉండ ఉంది. బూడిద రంగు ఊలు ఉండ.

"అదేంటి?" అని గొంతు లేకుండా అడిగాను.

"మీ గుడ్లగూబే సార్."

బైనాక్యులర్ పెట్టి చూశాను. మెడ లేదు, చెవులు లేవు. ఈకలన్నీ వదులుగా పొంగి, ఒక కాలు లోపలికి ముడుచుకుని, ముక్కు కూడా ఈకల్లో దాచుకుని, కళ్లు పూర్తిగా మూసుకుని నిద్రపోతోంది. ఊపిరికి ఒళ్లు మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఈ పక్షిని చూడలేదు.

కాసేపటికి బృందం వచ్చింది. గట్టిగా ఎవరూ మాట్లాడలేదు, అది మా నియమం. పిల్లుల్లా నడిచారు. పోలీసమ్మ కట్టిన రిబ్బను దగ్గర ఆగినంతసేపూ ఉండ ఉండలాగే ఉంది, ఒక కన్ను కొంచెం తెరిచి మళ్లీ మూసింది. లెన్సు రిబ్బను కింద నుంచి దూరి రెండడుగులు వేశాడో లేదో, ఉండ కాస్తా కర్రయిపోయింది. ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయాయి. చెవులు లేచాయి. కళ్లు సన్నటి గీతలు. అదే, నా పోజు. నా షాపు గోడ మీద అద్దం కట్టించి పెట్టిన పోజు.

"అది దాక్కోవడం సార్" అంది ఆ అమ్మాయి. "కొమ్మలా కనిపిస్తే వదిలేస్తారని. బాగా భయపడ్డప్పుడు అలా బిగుసుకుంటుంది. ఎగిరితే పగలు కాకులు పట్టుకుంటాయి, అందుకని ఎగరదు. ఓర్చుకుంటుంది."

"మరి ఇంతకాలం మేం వచ్చినప్పుడల్లా..."

ఆమె నా వైపు చూడకుండా రాసుకుంటోంది. "అందరూ అలాగే అనుకుంటారు సార్. మీరొక్కరే కాదు. దూరంగా ఉంటే పట్టించుకోవట్లేదు కదా, అది కూడా చూశారుగా."

వాళ్లు వెళ్లిపోయాక కూడా అది చాలాసేపు కర్రలాగే ఉంది. అది తిరిగి ఉండయ్యేదాకా చూడాలని కూర్చున్నాను. నడుం పట్టేసింది. చివరికి చూడకుండానే లేచాను, ఇంట్లో తను ఒక్కతే ఉంది కదా అని.

ఫిబ్రవరి 24

నిన్నటి సంగతి ఇంకొంచెం ఉంది. నిన్న రాయలేకపోయాను.

ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే వరండాలో పడగ్గది వైపు నడిచాను. గుమ్మం ముందు ఎందుకో ఆగాను. లోపల మంచం కిర్రుమంది. దిండు సర్దిన చప్పుడు. చిన్న మూలుగు. గుడ్డ విదిలించిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. లోపల తను నిటారుగా కూర్చుని నా కోసం ఎదురుచూస్తోంది, తలుపు తెరుచుకుంటే 'బాగానే ఉన్నాను' అనడానికి.

తెరవలేదు. వెనక్కి వచ్చేశాను. కాసేపటికి మంచం మళ్లీ కిర్రుమంది. పడుకుంది.

అప్పుడు నేనేం చేశానో రాస్తే నాకే అసహ్యం. మళ్లీ నడిచాను, నిజమా కాదా చూద్దామని. మళ్లీ కిర్రుమంది. సిగ్గులేకపోతే సరి. మనిషిని కాస్త పడుకోనివ్వరా అని నన్ను నేను తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను.

ఫిబ్రవరి 25

ఇవాళ చెప్పులు లేకుండా నడిచాను. అయినా మంచం కిర్రుమంది.

ఫిబ్రవరి 27

మందు సీసా ఇవ్వడానికి వెళ్లి, ఇచ్చి, అక్కడే నిలబడి చెప్పేశాను. "మీ చెల్లెలి దగ్గరికి వెళ్లు. నేనే దిగబెడతాను."

తను సంతోషిస్తుందనుకున్నాను. మొహం తెల్లగా పాలిపోయింది. "పంపించేస్తున్నారా?"

"నువ్వే కదా అడిగావు!"

"అడిగినప్పుడు కోపమంతా గిన్నెల మీద చూపించారు. ఇప్పుడేమో నేనే దిగబెడతానంటున్నారు. డాక్టరమ్మ మీతో విడిగా ఏమైనా చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదు. ఒట్టు."

"మరి? విసుగొచ్చిందా నా చాకిరీ?"

తల ప్రాణం తోకకొచ్చింది. గుడ్లగూబ సంగతి మొదలుపెట్టాను. ఉండ, కర్ర, అంతా చెప్పాను. తను ముక్కు చీదుకుని, "నన్ను గుడ్లగూబని చేశారన్నమాట, జుట్టొక్కటే తక్కువైంది" అంది. నవ్వలేదు. మెల్లగా చెప్పింది.

"మీరు తలుపు తీసినప్పుడు మీ మొహం మీకు కనిపించదు. నేను ఉన్నానా పోయానా అన్నట్టు చూస్తారు. ఆ మొహం చూస్తే నాకూ భయమేస్తుంది. నేను పడుకుని ఉంటే దగ్గరికొచ్చి ముక్కు దగ్గర వేలు పెడతారు, తెలుసా? రెండుసార్లు పెట్టారు. అందుకే లేచి కూర్చుంటాను. కూర్చుంటే మీరు ఊపిరి పీల్చుకుని వెళ్తారు. మళ్లీ కాసేపటికి వస్తారు. నాకు ఓపికలేదండీ. నిజంగా ఓపికలేదు."

ముక్కు దగ్గర వేలు పెట్టిన మాట నిజం. నిద్రపోతోందనుకున్నాను.

నాకు భయమే. ఇన్నాళ్లూ దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. తను పోతే నేను ఏమైపోతానో నాకు తెలియదు, అదొక్కటే ఎప్పుడూ తలలో తిరుగుతుంటుంది, ఆ తిరుగుడు ఆగాలంటే వెళ్లి తలుపు తీయాలి.

"వెళ్లనులెండి. ఇక్కడే ఉంటాను" అంది చివరికి. "ముందు ఆ గడియ బిగించండి. నేను పిలిస్తే రండి. పిలవకపోతే రావద్దు. మీ వల్ల కాకపోతే అప్పుడు చెల్లి దగ్గరికి వెళ్తాను."

గడియ బిగించాను. చేయి జారి ఒక స్క్రూ మంచం కిందికి దొర్లిపోయింది. తీయడానికి వంగితే, "పర్లేదు, మూడు చాలు" అంది.

ఫిబ్రవరి 28

పిలవలేదు. అన్నం, నీళ్లు గుమ్మం బయట బల్ల మీద పెట్టాను.

మార్చి 1

పిలవలేదు. రెండుసార్లు దగ్గింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను, పడగ్గది వైపు తప్ప.

మార్చి 2, ఆదివారం

చెట్టు దగ్గర గొడవ. నిన్న సాయంత్రం లెన్సు ఒక్కడే వచ్చి ఫోన్లో గుడ్లగూబ కూత పెట్టాడట. వేరే మగది వచ్చిందనుకుని మాది కొమ్మ మీంచి లేచి చెట్టంతా తిరిగి అరిచిందట, ఆడది కూడా తొర్రలోంచి బయటికి వచ్చిందట. రెండూ ఒకే ఫొటోలో, రెండు జతల కళ్లూ పూర్తిగా తెరుచుకుని. అందరికీ చూపిస్తున్నాడు. ఫొటో అద్భుతంగా ఉంది, ఆ మాట కూడా రాయాలి.

"గుడ్ల మీంచి లేపావు కదరా" అన్నాను.

"కాసేపే బాబాయ్. మళ్లీ వెళ్లి కూర్చుంది."

"ఇక ఈ చెట్టు దగ్గరికి ఎవరూ రావద్దు. పిల్లలు ఎగిరేదాకా."

లెన్సుకి కోపం వచ్చింది. "ఈ చోటు చూపించింది మీరు. మీ గోడ మీద ఫొటో రిబ్బను వెనక నుంచి తీసిందా? మీ ముచ్చట తీరాక మాకు గేటు వేస్తారా?"

అతను అన్నదాంట్లో తప్పేముంది? పోలీసమ్మే కలగజేసుకుని, రావద్దని కాదు, దూరంగా ఉందాం, కూత పెట్టొద్దు అని సర్దిచెప్పింది. సగంమంది తలూపారు. సగంమంది నేల చూశారు.

ఇంటికొచ్చాను. గడియ వేసే ఉంది. పిలవలేదు.

మార్చి 4

మధ్యాహ్నం చాలాసేపు ఏ చప్పుడూ లేదు. దగ్గు కూడా లేదు. ప్రాణం పోయినంత పనైంది. గుమ్మం దాకా వెళ్లాను. తలుపు మీద చెయ్యి వేశాను. వెనక్కి తీసుకున్నాను. వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. పక్కింటావిడ ఏమైందన్నయ్యా అంటే, ఏమీ లేదమ్మా, గాలికి వచ్చానన్నాను.

వచ్చి చూస్తే బల్ల మీద కంచం ఖాళీగా ఉంది.

మార్చి 5

మరదలు ఫోన్ చేసింది. అక్క ఎలా ఉందంటే, నాకు తెలియదు అన్నాను. "అదేంటి బావగారూ, మీకు తెలియకపోవడమేంటి!" అంది. తెలుసుకోకుండా ఉండటం నేర్చుకుంటున్నాను, చాలా కష్టంగా ఉంది అన్నాను. ఆవిడ మొదటిసారి వెటకారం చేయకుండా పెట్టేసింది.

మార్చి 9, ఆదివారం

కొమ్మ ఖాళీ. పోలీసమ్మ, నేను గోడౌను కిటికీ దగ్గర కూర్చున్నాం. తొర్రలోనూ ఏ అలికిడీ లేదు. కాకి ఒకటి వచ్చి తొర్ర అంచు మీద వాలి, లోపలికి తొంగిచూసి, వెళ్లిపోయింది.

"మన వల్లేనా?" అన్నాను.

"తెలీదు సార్. గుడ్లు పాడైపోయి ఉండొచ్చు. వేరే చెట్టుకి మారి ఉండొచ్చు. మనం రాకపోతే ఇక్కడే ఉండేవని కూడా చెప్పలేను."

"మరి నీ పరిశోధనలో ఏం రాస్తావు?"

"కొంత దూరంలో ఉంటే పర్లేదని, అంతకంటే దగ్గరికొస్తే ఇబ్బందేనని. ఆ దూరం పక్షి పక్షికీ మారుతుందని." పుస్తకం మూసి, "నాకూ ఏడుపొస్తోంది సార్, అది మాత్రం రాయలేను" అంది. పాపం, ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు. ఇద్దరం ఆ దుమ్ములో అలాగే కూర్చున్నాం.

షాపుకి వెళ్లి గోడ మీద ఫొటో దించేశాను. కింద రంగు వెలిసిపోని చదరం మిగిలింది. ఎవరైనా అడిగితే సున్నం వేయిస్తున్నానని చెబుతాను.

తను వెళ్లిపోతుందేమోనని భయంగా ఉంది. చెల్లెలి దగ్గరికి కాదు. మొత్తానికే. ఈ మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

మార్చి 12

పిలిచింది.

మధ్యాహ్నం వంటింట్లో కూరలు తరుగుతున్నాను. "ఏవండీ" అని వినిపించింది. మొదట వీధిలోంచేమో అనుకున్నాను. కత్తి పడేసి పరిగెత్తబోయి, ఆగి, మామూలుగా నడిచాను. మంచం కిర్రుమంటుందేమోనని చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ రాలేదు. గడియ ఎప్పుడు తీసిందో, తలుపు తోయగానే వచ్చింది.

తను లేవలేదు. గోడ వైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. తల మీద గుడ్డ లేదు. ఆపరేషనయ్యాక మొదటిసారి ఆ తల వెనక భాగం చూశాను, సన్నటి నూగు మొలిచింది. నా వైపు తిరగలేదు కూడా. ఆ గొంతు తనదేనా అనిపించేంత బొంగురుగా అంది:

"నాకేం బాగాలేదండీ."

గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. నోరంతా చేదు. ఎవరి మొహమూ చూడాలని లేదు, మీ మొహంతో సహా. బతకాలని ఉంది, కానీ లేవాలని లేదు. మాట్లాడకండి. ఏం చేయాలని అడక్కండి. ఆ కుర్చీలో కూర్చోండి, అంతే."

కూర్చున్నాను. అంత మంచి మాట ఈ రెండు నెలల్లో నేను వినలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక అరచేతులు తొడల మధ్య పెట్టుకుని అలాగే ఉన్నాను. పొయ్యి కట్టేశానా లేదా అని ఒకసారి అనుమానం వచ్చింది. వెలిగించనే లేదని గుర్తొచ్చింది.

కాసేపటికి భుజం వదులైంది. ఆ తర్వాత వెల్లకిలా తిరిగింది, నోరు తెరుచుకుంది, గురక మొదలైంది. పెళ్లయిన కొత్తలో గురక పెడతావంటే నాలుగు రోజులు మాట్లాడని మనిషి. ఎంత గట్టిగా పెడుతోందో. రేపు మళ్లీ రక్తపరీక్ష. ఏం వస్తుందో రానీ, రేపు చూద్దాం.

షాపు తెరిచే వేళ దాటిపోయింది. పక్కింటావిడ వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది, చేత్తో వెళ్లమని సైగ చేశాను. ఈ పుస్తకం జేబులో ఉంది కాబట్టి కుర్చీలో కూర్చునే ఇదంతా రాస్తున్నాను. ఇందాక పేజీ తిప్పితే తన కనురెప్ప కదిలింది. పెన్ను కూడా కాగితం మీద గీరుకుంటూ చప్పుడు చేస్తోంది. ఆపేస్తున్నాను.